స్పాటిఫై డెస్క్‌టాప్ యాప్ నత్తనడక నడుస్తోందా? యాప్ తీసేసే ముందు ఈ సెట్టింగ్స్ చూడండి!

ఫోన్‌లో చకచకా తెరుచుకునే స్పాటిఫై, అదే అకౌంట్‌తో ల్యాప్‌టాప్‌లో మాత్రం మొరాయిస్తుంటుంది. సెర్చ్‌లో సినిమా పేరు టైప్ చేస్తే అక్షరాలు ఒక్కొక్కటిగా ఆలస్యంగా పడతాయి. ప్లేలిస్ట్ కిందికి జరిపితే సగంలో బిగుసుకుపోతుంది. ఫ్యాన్ రయ్యిమంటుంది. దీంతో కొందరు నెట్ కనెక్షన్‌ను తిట్టుకుంటారు, ఇంకొందరు యాప్‌ను తీసేసి మళ్లీ వేస్తారు. అలా తీసేస్తే ఆఫ్‌లైన్ కోసం గంటల తరబడి డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు కూడా పోతాయి. అంతా చేశాక యాప్ మళ్లీ మామూలే అంటే ఒళ్లు మండదా?

ఆగుతోంది పాటా.. విండోనా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పాట మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంటే నెట్ వైపు చూడాలి. పాట సాఫీగా వస్తూ, క్లిక్ చేసిన బటన్ పలకకపోతే మాత్రం గొడవ కంప్యూటర్‌లో ఉన్నట్టే. రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే పాటకు కావాల్సిన నెట్ చాలా తక్కువ. ప్రీమియం యూజర్లకు ఉండే వెరీ హై క్వాలిటీ అంటే సెకనుకు 320 కిలోబిట్లు. నిమిషానికి లెక్కేస్తే సుమారు 2.4 ఎంబీ. ఐదు నిమిషాల పాట 12 ఎంబీ దాటదు. యూట్యూబ్ వీడియో ఆగకుండా ఆడే కనెక్షన్‌లో పాట ఆగిందంటే అది స్పీడ్ సమస్య కాకపోవచ్చు. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉందేమో ఒకసారి ఆపి చూడండి. నిజంగానే నెట్ వీక్ అయితే సెట్టింగ్స్‌లోని ఆడియో క్వాలిటీలో స్ట్రీమింగ్‌ను నార్మల్‌కు మార్చుకుంటే సరిపోతుంది. అప్పుడు సెకనుకు 96 కిలోబిట్లే పడుతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్ వాడేవారికి మరో చిక్కు ఉంది. మీటింగ్ యాప్ మైక్‌ను వాడటం మొదలుపెట్టగానే హెడ్‌సెట్ కాల్స్ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. పాట బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఇందులో స్పాటిఫై తప్పేమీ లేదు. మీటింగ్ యాప్‌ను పూర్తిగా మూసేస్తే క్వాలిటీ తిరిగి వచ్చేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కూడా బ్లూటూత్ వాడే ఫ్రీక్వెన్సీలోనే నడుస్తుంది కాబట్టి, రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారడం మేలు.

పాటల యాప్‌కు ఇంత ర్యామ్ ఎందుకు?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో స్పాటిఫై పక్కనున్న బాణం గుర్తు నొక్కితే ఒకటి కాదు, అరడజను ప్రాసెస్‌లు కనిపించడం మామూలే. చూసి వైరస్ అనుకుని కంగారు పడక్కర్లేదు. అసలు విషయం ఏంటంటే.. స్పాటిఫై డెస్క్‌టాప్ యాప్ లోపల ఉన్నది ఒక బ్రౌజరే. గూగుల్ క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీదే దీని విండో మొత్తం నడుస్తుంది. అంటే క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిచి పక్కన స్పాటిఫై పెట్టుకుంటే, రెండు బ్రౌజర్లు ఒకేసారి నడిపినట్టు లెక్క.

4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇది కష్టమే. ర్యామ్ నిండగానే విండోస్ ఆ డేటాను డిస్క్‌పైకి తోసి మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. అది పాత హార్డ్ డిస్క్ అయితే ఒక్కో క్లిక్‌కు రెండు మూడు సెకన్లు చూడాల్సిందే. ఇలాంటి ల్యాప్‌టాప్ ఉన్నవారు యాప్‌తో కుస్తీ పట్టడం కంటే, ఎలాగూ తెరిచి ఉండే బ్రౌజర్‌లోనే ఒక ట్యాబ్‌లో స్పాటిఫై వెబ్ ప్లేయర్ పెట్టుకోవడం తెలివైన పని. ఒక బ్రౌజర్ భారం తగ్గుతుంది. కాకపోతే అందులో పాటలు డౌన్‌లోడ్ చేసుకునే వీలుండదు. ర్యామ్ పెంచుతామంటూ ఉచితంగా దొరికే క్లీనర్, బూస్టర్ సాఫ్ట్‌వేర్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి కూడా ర్యామ్‌లో ఇంకొంత చోటు తినేవే.

యాప్‌లోనూ కొంత బరువు దించుకోవచ్చు. పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే డిస్‌ప్లే విభాగం ఉంటుంది. పాట వెనుక తిరిగే చిన్న వీడియోలు, అంటే క్యాన్వాస్, అక్కడే ఆపేయొచ్చు. కంప్యూటర్ ఆన్ చేయగానే యాప్ తనంతట తాను తెరుచుకునే ఆప్షన్‌ను కూడా ఆపండి. విండో మూసినా యాప్ వెనకాల నడుస్తూనే ఉందా అన్నది కూడా గమనించాలి. క్లోజ్ బటన్ నొక్కితే మినిమైజ్ అయ్యేలా సెట్టింగ్ ఉంటే, మూశామనుకున్న యాప్ రోజంతా ర్యామ్‌లోనే కూర్చుంటుంది.

లోకల్ ఫైల్స్ సంగతి చాలామందికి తట్టదు. ఏళ్ల తరబడి పోగేసిన పాత ఎంపీ3 ఫోల్డర్లు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. లోకల్ ఫైల్స్ ఆన్‌లో ఉంటే స్పాటిఫై ఆ ఫోల్డర్లను కూడా వెతుకుతుంది. పాటలున్న ఒక్క ఫోల్డర్‌ను ఉంచి మిగతావి తీసేయండి, అవసరం లేకపోతే మొత్తంగా ఆపేయండి.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్.. రెండు వైపులా పదునే

విండో మిణుకుమిణుకుమంటున్నా, నల్లగా మారి బిగుసుకుపోతున్నా సెట్టింగ్స్‌లో కిందున్న కంపాటిబిలిటీలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి, యాప్‌ను మళ్లీ తెరిచి చూడాలి. బొమ్మలు గీసే పనిని ప్రాసెసర్‌కు బదులు గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడమే ఈ ఆప్షన్ చేసే పని. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతబడితే అక్కడే తేడా వస్తుంది. అయితే 'దీన్ని ఆపేస్తే చాలు' అని ఇంటర్నెట్‌లో కనిపించే సలహా అందరికీ పనిచేయదు. గ్రాఫిక్స్ చిప్ బాగానే ఉండి ప్రాసెసర్ బలహీనంగా ఉన్న కంప్యూటర్‌లో ఆపేస్తే యాప్ ఇంకా నెమ్మదిస్తుంది, ఫ్యాన్ మోత పెరుగుతుంది. ఒకరోజు ఆన్, ఒకరోజు ఆఫ్ పెట్టి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ శాతం చూసుకుంటే మీ మెషీన్‌కు ఏది నప్పుతుందో తెలిసిపోతుంది.

క్యాష్ క్లియర్ చేస్తే పాటలు పోతాయా?

పోవు. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగంలో డౌన్‌లోడ్స్ వేరు, క్యాష్ వేరుగా కనిపిస్తాయి. విన్న పాటల ముక్కలు, ఆల్బమ్ బొమ్మలు తాత్కాలికంగా దాచుకునేది క్యాష్. దాన్ని క్లియర్ చేస్తే డౌన్‌లోడ్ చేసిన పాటలకు ఏమీ కాదు. అలాగని రోజూ చేయడం కూడా దండగే, తరచూ వినే పాటలను యాప్ మళ్లీ నెట్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది. సీ డ్రైవ్ నిండిపోయినప్పుడు, బొమ్మలు సరిగా రానప్పుడు చేస్తే చాలు. కనీసం 1 జీబీ ఖాళీ ఉంచాలన్నది స్పాటిఫై చెప్పే మాట. విండోస్ హాయిగా నడవాలంటే అంతకంటే చాలా ఎక్కువే ఉండాలి.

యాప్ స్లో అయితే తప్పు ఎప్పుడూ మన కంప్యూటర్‌దే అనుకోనక్కర్లేదు. 2016లో స్పాటిఫై డెస్క్‌టాప్ యాప్‌లోనే పెద్ద లోపం బయటపడింది. పాట వినకపోయినా, యాప్ ఊరికే తెరిచి ఉన్నా డిస్క్‌పై డేటా రాస్తూనే పోయేది. రోజుకు వందల జీబీలు రాస్తోందని యూజర్లు నెలల తరబడి మొత్తుకున్నారు. ఎస్‌ఎస్‌డీపై ఎంత డేటా రాయొచ్చన్న దానికి ఒక పరిమితి ఉంటుంది కాబట్టి ఇది డిస్క్ ఆయుష్షుకే ఎసరు పెట్టే వ్యవహారం. ఆ ఏడాది నవంబర్‌లో విషయం వార్తలకెక్కాక, 1.0.42 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. అప్పుడు క్యాష్ క్లియర్ చేసినా, ర్యామ్ పెంచినా లాభం ఉండేది కాదు, అప్‌డేట్ ఒక్కటే మందు. అందుకే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ కాలమ్‌పై కూడా ఓ కన్నేయండి. మూడు చుక్కల మెనూలో హెల్ప్, అబౌట్ స్పాటిఫై నొక్కితే ఏ వెర్షన్ ఉందో తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకున్నవారికి అప్‌డేట్లు ఆ స్టోర్ ద్వారానే వస్తాయి. రంగులు మార్చే, యాడ్స్ ఆపే అనధికార ప్యాచ్‌లు వేసుకున్నవారు ముందు వాటిని తీసేసి చూడాలి. యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ అవి తేడా చేసే అవకాశం ఉంది.

చివరి ప్రయత్నంగానే రీఇన్‌స్టాల్

ఇవన్నీ చేసినా దారికి రాకపోతే అప్పుడు తీసేయొచ్చు. ప్లేలిస్టులు, లైక్ చేసిన పాటలు అకౌంట్‌లోనే ఉంటాయి, వాటికి భయం లేదు. పోయేది డౌన్‌లోడ్లే. ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేస్తే చెడిపోయిన పాత ఫైళ్లే అక్కడ ఉండి, మళ్లీ అదే తంతు మొదలవుతుంది. స్పాటిఫై వెబ్‌సైట్ నుంచి వేసుకున్నవారు యాప్ తీసేశాక యాప్‌డేటా ఫోల్డర్‌లోని రోమింగ్, లోకల్ రెండింటిలోనూ స్పాటిఫై పేరుతో మిగిలిన ఫోల్డర్లను తొలగించాలి. యాప్‌డేటా దాచి ఉంచిన ఫోల్డర్ కాబట్టి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తేనే కనిపిస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేసి యాప్ వేసుకోవాలి.

డౌన్‌లోడ్లు మళ్లీ చేసుకునేటప్పుడు మొబైల్ డేటా కాకుండా వైఫై వాడటం మంచిది. ప్రీమియం ఖాతాకు ఒక్కో డివైజ్‌లో 10 వేల పాటల వరకు, మొత్తం ఐదు డివైజ్‌లలో డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. కనీసం 30 రోజులకోసారి నెట్‌కు కనెక్ట్ కాకపోతే అవి చెరిగిపోతాయి. ఆరో డివైజ్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే, చాలాకాలంగా వాడని డివైజ్‌లోని పాటలను స్పాటిఫై తీసేస్తుంది. ఊరి ప్రయాణం కోసం పాత ట్యాబ్‌లో పాటలు దాచుకున్నవారు బయలుదేరే ముందు అవి ఉన్నాయో లేదో ఒకసారి తెరిచి చూసుకోవాలి.