మామిడి సీమకు చిత్రకళ చుట్టమే

నూజివీడు పేరు చెప్పగానే ఎవరికైనా చిన్న రసాలు గుర్తుకొస్తాయి. సంగీతం తెలిసినవారికి పనస కర్రతో చేసే నూజివీడు వీణ గుర్తుకొస్తుంది. బొమ్మ గీయడం, అచ్చు చెక్కడం, రంగు కలపడం అనే విద్యకు కూడా మన చుట్టుపక్కల నూరేళ్లు దాటిన చరిత్ర ఉన్నదన్న సంగతి మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు.

ఇంటర్ పూర్తిచేసిన మనవడో మనవరాలో "నేను డిజైన్ చదువుతాను" అనగానే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడడం ఈ రోజుల్లో చాలా ఇళ్లలో చూస్తున్నాం. "బొమ్మలు కూడు పెడతాయా?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఒకటో తారీఖు పెన్షనుతో నెలంతా లెక్క సరిచూసుకునే మనకు ఆ ప్రశ్న తప్పనిపించదు. అయితే జవాబు చెప్పేముందు పాత చరిత్రను ఒకసారి తిరగవేయడం మంచిది.

మన ప్రాంతం మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న రోజులలో, 1850లో, అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో సొంతంగా ఒక కళాపాఠశాల ప్రారంభించాడు. 1852లో ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకుంది. చిత్రకారులను తయారుచేయడం కంటే చేతిపనిలో నేర్పరులను తయారుచేయడమే అప్పటి ఉద్దేశం. అదే తరువాత మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కళాశాల అయింది. ఆ విద్య మన పల్లెటూళ్లకు చేరింది మాత్రం డ్రాయింగు మాస్టార్ల ద్వారానే. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, హైస్కూలులో నల్లబల్ల మీద సుద్దముక్కతో కుండనూ కొబ్బరిచెట్టునూ గీసి చూపిన ఆ మాస్టార్లు మనలో చాలామందికి గుర్తుండే ఉంటారు.

మన కృష్ణా జిల్లాలో కథ మరోవిధంగా నడిచింది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది గాని, ఈ చరిత్ర జరిగిన నాటికి మనమూ బందరూ ఒకే జిల్లా వారం. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలతో ఆంధ్రదేశం కదిలింది. ఆ ఊపులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్ల కృషితో 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. సర్కారు నౌకరీ కోసం కాక, స్వదేశీ భావంతో చదువు చెప్పాలన్నది దాని ఆశయం. చేతిపనులతోపాటు చిత్రకళకూ అక్కడ పీట వేశారు. 1920లలో బెంగాలు నుండి ప్రమోద కుమార చటోపాధ్యాయ గారు వచ్చి అక్కడ చిత్రలేఖనం బోధించారు. అడివి బాపిరాజు, కౌతా రామమోహన శాస్త్రి వంటివారు ఆయన శిష్యులే.

ఇదే కాలంలో గోదావరి ఒడ్డున మరొక దీపం వెలిగింది. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు అనే కుర్రవాడి చేతివాటం గమనించి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్టుకు పంపించాడు. చదువు ముగించుకొని వచ్చిన రామారావు రాజమండ్రిలోనే చిత్రకళా పాఠశాల పెట్టారు. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశారు. మిత్రుడు వరద వెంకటరత్నం గారు మొదలైనవారు ఆ పాఠశాలను కాపాడుకొంటూ వచ్చారు. రామారావు గారి చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్టు గ్యాలరీలో నేటికీ చూడవచ్చు. ఒక్క గురువు గుర్తించకపోతే ఆ చేయి ఏమైపోయేదో ఊహించండి.

మరి కూటి మాట ఏమిటి? బాపిరాజు గారి జీవితమే దానికి జవాబు. ఆయన బి.ఎల్. చదివి కొంతకాలం ప్లీడరు పని చేశారు. 1930లలో బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1936లో వచ్చిన "అనసూయ", "ధ్రువ విజయం" సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. నవలలు రాశారు, పత్రిక నడిపారు. చిత్రకళ ఒక్కటే ఆయనకు జీతమిచ్చిందని చెప్పలేం. కాని ఆయన చేపట్టిన పనులలో ఆ కళ ఉపయోగపడని పని అరుదు. సినిమా సెట్టింగు గీసిన చేయి, నవలలో కోటను కళ్లకు కట్టిన చేయి ఒకటే.

ఆ తరువాత దారులు పెరిగాయి. 1940లో హైదరాబాదులో ప్రభుత్వ కళాపాఠశాల ప్రారంభమైంది. అది కళాశాలగా ఎదిగి 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది. 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. డిజైన్ అనే చదువుకు మూలం మాత్రం అహమ్మదాబాదు. 1958లో అమెరికా నుండి వచ్చిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన దేశపు వస్తువులన్నీ పరిశీలించి, అన్నిటిలోకీ అందమైనదిగా మన నీళ్ల చెంబును మెచ్చుకుంటూ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. పట్టుకోవడానికి, వంచడానికి, తోమడానికి, మోయడానికి ఎంత అనువుగా ఉన్నదో చూడమన్నారు. దాని ఫలితంగా 1961లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత 2015లో ఆ కోవలోని సంస్థే మన గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయ ఆవరణలో మొదలైంది. 2019లో పార్లమెంటు చట్టసవరణ ద్వారా దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు వచ్చింది. 2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది.

కళాశాలలు ఇప్పుడు వచ్చాయి గాని, డిజైన్ మనకు కొత్త కాదు. పెడనలో టేకు అచ్చు మీద మామిడి పిందె చెక్కేవారు, కరక్కాయ నీటిలో గుడ్డ నానబెట్టేవారు, ఇనుప తుప్పూ బెల్లమూ ఊరబెట్టి నలుపు తీసేవారు చేసేది రసాయన శాస్త్రమూ డిజైనూ కలిసిన పనే. కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రను ఎన్నుకొని, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికించి బొమ్మ చేసేవారిదీ అదే విద్య. వారికి పట్టా ఎవరూ ఇవ్వలేదు, రాబడీ అంతంతమాత్రమే. వారి పిల్లలు ఈ కొత్త కళాశాలల్లో సీటు సంపాదించి, తాతల పనికి తగిన ధర పలికించగలిగిన రోజున ఈ చదువులకు అసలైన సార్థకత.

ఇందులో మన వంతు కూడా ఉన్నది. మనవరాలు బొమ్మ గీస్తే "ముందు లెక్కలు చూసుకో" అని పుస్తకం మూసేయకండి. ఈ సెలవుల్లో ఒకరోజు పెడనకో కొండపల్లికో తీసుకువెళ్లండి, వీలైతే రాజమండ్రి వెళ్లి దామెర్ల వారి చిత్రాలు చూపించండి. ఆ తరువాత కూడా ఆ పిల్ల ఆ చదువే కావాలంటే ప్రవేశ పరీక్ష ఎప్పుడో, ఫీజు ఎంతో, చదివి వచ్చినవారు ఏం పని చేస్తున్నారో విచారించి చెప్పండి. కాగితాలు చూసి నిజానిజాలు తేల్చడం ఉద్యోగంలో మనం చేసిన పనే కదా! ఆ రోజుల్లో కూల్డ్రే దొర ఒక కుర్రవాడి కోసం చేసినదానిలో కొంతైనా మన ఇంటి పిల్ల కోసం మనం చేయగలం.