యెమెన్‌లో డ్రోన్ యుద్ధం

యెమెన్‌లోని అల్ ఖైదా శాఖపై అమెరికా 2002 నుంచి సాగించిన మానవరహిత విమాన దాడుల పరంపర ఇది. దేశం అంతర్యుద్ధంలో కూరుకుపోక ముందే మొదలైంది. యుద్ధం ముదిరాకా ఆగలేదు.

తొలి దాడి 2002 నవంబరు 3న మారిబ్ ప్రాంతంలో జరిగింది. ఎడారి దారిన వెళ్తున్న ఒక వాహనాన్ని ప్రిడేటర్ డ్రోన్ హెల్‌ఫైర్ క్షిపణితో పేల్చేసింది. అందులోని ఆరుగురు చనిపోయారు. 2000లో ఏడెన్ రేవులో 17 మంది అమెరికా నావికులను బలిగొన్న యూఎస్ఎస్ కోల్ దాడిలో నిందితుడు అబూ అలీ అల్ హారిథీ వారిలో ఒకడు. ఆ తర్వాత కొన్నేళ్లు డ్రోన్ల జాడ లేదు.

2009 జనవరిలో అల్ ఖైదా సౌదీ, యెమెన్ శాఖలు ఒక్కటయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో బాంబు పేల్చబోయిన యువకుడికి ఈ శాఖతో సంబంధం బయటపడటంతో ఒబామా ప్రభుత్వం దాడులు పెంచింది. బాంబులు తమవేనని చెప్పుకొస్తామని యెమెన్ అధ్యక్షుడు సాలెహ్ అమెరికా సేనాని పెట్రేయస్‌కు మాటిచ్చిన సంగతి వికీలీక్స్ పత్రాల్లో బయటికొచ్చింది. ఈ దొంగచాటు ఒప్పందం జనం దృష్టిలో సాలెహ్ పరువు తీసింది. 2010 మేలో మారిబ్ ఉప గవర్నరు అమెరికా వైమానిక దాడికి బలయ్యారు. ఆయన తెగవారు కోపంతో చమురు పైపులైను మీద పడ్డారు.

2011 సెప్టెంబరు 30న ఈ శాఖకు చెందిన, అమెరికా పౌరుడైన మతబోధకుడు అన్వర్ అల్ ఔలాకీని డ్రోన్ దాడిలో చంపారు. విచారణ లేకుండా సొంత పౌరుణ్ని చంపే హక్కు ప్రభుత్వానికి ఉందా అన్న వాదన అమెరికా కోర్టుల దాకా వెళ్లింది. రెండు వారాలకే అతడి పదహారేళ్ల కొడుకు కూడా మరో దాడిలో చనిపోయాడు.

2012లో నియమాలు సడలాయి. పేరు తెలియకపోయినా కదలికలను బట్టి దాడి చేయవచ్చన్నారు. ఆ ఆగస్టులో హద్రమౌత్‌లోని ఖషామిర్ గ్రామంలో, అల్ ఖైదాను మసీదులో బాహాటంగా ఖండించిన మతపెద్ద సలేం బిన్ అలీ జాబెర్, అనుమానితులతో మాట్లాడుతుండగా వారితో పాటే మరణించారు. సామాన్యులకు హాని జరగదన్న దాదాపు నిశ్చయం ఉంటేనే దాడి చేస్తామని ఒబామా 2013 మేలో ప్రకటించారు. ఏడు నెలలకే రదా సమీపంలో పెళ్లివారి వాహనాలపై క్షిపణులు పడి 12 మంది పోయారు.

2014 సెప్టెంబరులో హూతీ తిరుగుబాటుదారులు రాజధాని సనాను పట్టుకున్నారు. 2015 మార్చిలో సౌదీ కూటమి వారిపై యుద్ధంలోకి దిగింది. అమెరికా దళాలు అల్ అనద్ స్థావరం ఖాళీ చేశాయి. ఆ సందులో అల్ ఖైదా ఏప్రిల్‌లో ముకల్లా నగరాన్ని, దాని రేవుతో సహా ఆక్రమించి, కేంద్ర బ్యాంకు శాఖను దోచుకుంది. జూన్‌లో దాని నాయకుడు నాసిర్ అల్ వుహైషీ డ్రోన్ దాడిలో హతమైనా నగరంపై దాని పట్టు సడలలేదు. 2016 ఏప్రిల్‌లో యూఏఈ అండతో నేల మీద నడిచి వచ్చిన సేనలే దాన్ని వెళ్లగొట్టాయి. నాయకులను ఏరివేయడంలో డ్రోన్లు ఎంత పదునుగా పనిచేసినా, నేలను చేజిక్కించుకోవడం వాటి చేతిలో లేదు.

ట్రంప్ హయాంలో 2017లో దాడులు 120 దాటాయని అమెరికా సైన్యమే చెప్పింది. 2020 ఆరంభంలో వుహైషీ వారసుడు ఖాసిం అల్ రైమీ కూడా హతమయ్యాడు. ఈలోగా హూతీలు సొంత డ్రోన్లు సమకూర్చుకున్నారు. 2023 నుంచి షబ్వాలో దక్షిణాది బలగాలపై అల్ ఖైదా సైతం డ్రోన్లు ప్రయోగించడం మొదలుపెట్టింది.