బిల్లుల సంచీతో సొంతూరికి: చైనా రైతు కథ

మొన్న మా వీధిలో పెద్దాయన ఒకరు కొడుకు దగ్గరికని పక్క రాష్ట్రం వెళ్లి, అక్కడే మంచాన పడ్డారు. కార్డు ఇక్కడ, మనిషి అక్కడ. పంట డబ్బులన్నీ ఆసుపత్రికే పోయాయి. "ఈ తిప్పలు మనకేనా?" అని నన్నడిగారు. మనకే కాదు, చైనా రైతులు కూడా ఏళ్ల తరబడి పడ్డారు. ఆ కథ చెబుతా, వినండి.

1960ల్లో, 70ల్లో చైనా పల్లెల్లో సహకార వైద్యం ఉండేది. సమష్టి వ్యవసాయం కాబట్టి ఊరి ఉమ్మడి ఆదాయంలోంచే వైద్యానికి కొంత పక్కన పెట్టేవాళ్లు. మామూలు జబ్బులకు ఊళ్లోనే ఉండే "చెప్పుల్లేని డాక్టర్లు" మందిచ్చేవాళ్లు. పొలం పని చేసుకుంటూనే కొద్దిపాటి శిక్షణతో వైద్యం చేసిన రైతులే వాళ్లు. 1970ల చివరికి దాదాపు 90 శాతం పల్లెల్లో ఈ ఏర్పాటు ఉంది.

తర్వాత భూమి కుటుంబాల చేతికొచ్చింది. దిగుబడి పెరిగింది, మంచిదే. కానీ ఉమ్మడి ఖాతా పోయింది, దాంతోపాటే వైద్యం నిధీ పోయింది. 1980ల మధ్యకు 5 శాతం పల్లెల్లో మాత్రమే మిగిలింది. జబ్బు చేస్తే అప్పే దిక్కయింది.

2003లో కొత్త సహకార వైద్య పథకాన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు. మధ్య, పశ్చిమ ప్రాంతాల్లో లెక్క ఇది: మనిషికి ఏడాదికి రైతు 10 యువాన్లు, స్థానిక ప్రభుత్వం 10, కేంద్రం 10. 2008కల్లా పల్లె కౌంటీలన్నిటికీ పాకింది. కౌంటీ అంటే సుమారుగా మన పాత తాలూకా కంటే పెద్దది, జిల్లా కంటే చిన్నది అనుకోండి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, నిధి కౌంటీది, మనిషేమో వలసపోయాడు. కోట్లమంది రైతుబిడ్డలు షాంఘై, షెంజెన్ లాంటి చోట్ల కూలికి, ఫ్యాక్టరీ పనికి పోయారు. అక్కడ ఆసుపత్రిలో చేరితే మొత్తం సొమ్ము ముందు జేబులోంచే కట్టాలి. రసీదులు, డిశ్చార్జి కాగితం, ఖర్చుల పట్టీ అన్నీ జాగ్రత్తగా దాచుకుని సొంత కౌంటీ ఆఫీసుకు చేర్చాలి. ఒక్క అసలు రసీదు పోయినా అంతే సంగతులు. ఇంత చేసినా ఊరి దగ్గర ఆసుపత్రిలో వచ్చేదానికంటే తక్కువ శాతమే చేతికొచ్చేది.

కౌంటీ వాళ్ల భయమూ ఉత్తిది కాదు. అందరూ పెద్ద నగరాలకే పోతే ఆ చిన్న నిధి ఒక్క ఏడాదిలో ఎండిపోతుంది. చెరువు చిన్నదైతే తూముకి కాపలా పెట్టక తప్పదు కదా!

అందుకే చెరువులు కలిపారు. 2016లో పల్లె పథకాన్ని, పట్టణవాసుల పథకాన్ని ఒకటి చెయ్యాలని నిర్ణయించారు. 2017 నుంచి ఆసుపత్రిలో చేరినవాళ్లకు వేరే రాష్ట్రంలోనూ అక్కడికక్కడే లెక్క తేల్చడం మొదలైంది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు, తన వాటా కట్టి ఇంటికి రావచ్చు. ఏ మందులకు డబ్బిస్తారన్నది వైద్యం జరిగిన చోటి జాబితా ప్రకారం, ఎంత శాతం ఇస్తారన్నది సొంతూరి లెక్క ప్రకారం. అయితే రైతు వాటా కూడా పెరిగింది. 2003లో 10 యువాన్లు, 2024కి 400.

మన సంగతి చూద్దాం. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ నగదు లేని వైద్యం. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరి, ముందస్తు అనుమతి తీసుకోవడమే దాని దారి. మొత్తం కట్టేసి తర్వాత బిల్లులు పట్టుకెళ్లే పద్ధతి కాదది. బయట కట్టినవాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి అసలు బిల్లులతో దరఖాస్తు పెట్టుకుంటారు. అది వేరే దారి.

కాబట్టి ఊరు దాటే ముందే, ఆ ఆసుపత్రిలో మన కార్డు చెల్లుతుందో లేదో కనుక్కోండి. చేరినరోజే ఆరోగ్యమిత్రను అడగండి. ఒక్క కాగితం కూడా పారెయ్యొద్దు. పట్టాదారు పాసుపుస్తకం ఎంత భద్రంగా దాస్తామో, ఆసుపత్రి రసీదు కూడా అంతే.