పదివేల మంది ఉన్నారు, కొనేవాడే లేడు

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. పచ్చళ్ళ వ్యాపారం పెట్టాడు లెండి. "బావా, డబ్బు కడితే ఇన్‌స్టాగ్రాంలో పదివేల మంది ఫాలోవర్లని ఇస్తారట, తీసుకోనా?" ఆ డబ్బేమో ఈ సీజన్ మామిడికాయలకని దాచింది!

అంకె పెరిగితే బ్రాండ్ పెరుగుతుందన్నది వాడొక్కడి భ్రమే కాదు. కాస్త చరిత్ర చూడండి.

ఫాలో అయినవాళ్ళంతా మనం పెట్టింది చూస్తారనుకుంటాం. పేజీలో పెట్టింది సగటున నూటికి 16 మంది అభిమానులకే చేరుతోందని 2012లో ఫేస్‌బుక్కే చెప్పింది. పోనీ, అంకె అంటే మనుషులేనా? 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రాం దొంగ ఖాతాలని ఊడ్చేస్తే, దాని సొంత ఖాతాకే కోటీ ఎనభై లక్షల పైచిలుకు ఫాలోవర్లు మాయం! నకిలీ ఫాలోవర్లని అమ్మే డెవూమీ గుట్టు 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ అమ్మకాలు ఇక చెయ్యకుండా కట్టడి చేసింది.

ప్రోగ్రాములు రాసేవాడిగా ఒక్కటి చెప్పగలను. లెక్క పెంచడం చాలా తేలిక, కొనేవాణ్ణి పుట్టించడమే ఏ ప్రోగ్రాముకీ చేతకాదు.

"ఇప్పటిదాకా కొన్నవాళ్ళకి ఫోన్ చేసి ఎలా ఉందో అడగరా" అన్నాను.

"ఒకావిడ ఉప్పెక్కువైందని తిట్టింది బావా. మళ్ళీ రెండు కిలోలు పంపమంది."

అదీ ఫాలోయింగంటే! ఏవంటారు?