బీమా శాఖల్లో నాయకత్వ శైలి, అట్రిషన్ (సిబ్బంది మానేయడం): దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్

బీమా కార్యాలయంలో పై అధికారి పనిచేయించే తీరును బట్టి సిబ్బంది ఎన్నాళ్లు నిలబడతారన్నది చాలావరకు తేలుతుంది. ఇక్కడ పై అధికారి అంటే ముంబైలోని చైర్మన్ కాదు, రోజూ పొద్దున మీటింగ్ పెట్టే బ్రాంచి మేనేజరు. హైదరాబాదు తూర్పున విజయవాడ రహదారి వెంట ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఈ సంబంధం స్పష్టంగా కనిపించే ప్రాంతాలు.

1956 సెప్టెంబరు 1న ఎల్ఐసీ ఏర్పడ్డాక నాలుగు దశాబ్దాలకు పైగా జీవిత బీమా దాదాపు పూర్తిగా దాని చేతిలోనే ఉంది. మేనేజరుతో పడని ఉద్యోగి బదిలీ అడగాలి, లేదా సర్దుకుపోవాలి. 2000లో ప్రైవేటు కంపెనీలకు అనుమతులు రావడంతో ఆ స్థితి మారింది.

ఉద్యోగం మానేయడానికి మానాలన్న కోరిక, మానగలిగే వెసులుబాటు రెండూ కలవాలని సంస్థల తీరును అధ్యయనం చేసిన మార్చ్, సైమన్ 1958లో చెప్పారు. ఈ ప్రాంతంలో రెండోదానికి కొదవ లేదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక నగరం నడిమధ్యలోని ఆఫీసులూ అందుబాటులోకి వచ్చాయి. పైగా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల అడ్డా. ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్‌ పరీక్షలకో, బ్యాంకు పరీక్షలకో చదువుతూ బీమా ఉద్యోగంలో చేరినవారు ప్రభుత్వ కొలువు రాగానే వెళ్లిపోతారు. ఆ రాజీనామాను మేనేజరు ఖాతాలో వేయడం అన్యాయం.

నాయకత్వ శైలుల్లో లావాదేవీ తరహా (పనికి ప్రతిఫలం), పరివర్తన తరహా (ఉత్తేజపరచి నడిపించడం) అన్న విభజనను పరిశోధకుడు బర్న్స్ 1978లో ప్రతిపాదించగా, మరో పరిశోధకుడు బాస్ 1985లో దాన్ని సంస్థలకు అన్వయించి విస్తరించారు. ప్రైవేటు బీమా అమ్మకాల విభాగాల్లో మొదటిదే ఎక్కువ: టార్గెట్, లాగిన్‌లు (కంపెనీకి చేర్చిన కొత్త దరఖాస్తులు), ఇన్సెంటివ్. ఆర్థిక సంవత్సరం ముగిసే జనవరి నుంచి మార్చి దాకా ఒత్తిడి పతాక స్థాయికి చేరుతుంది. డబ్బే ఏకైక బంధమైన చోట, పక్క కంపెనీ నాలుగు వేలు ఎక్కువిస్తామంటే ఆపడానికి మేనేజరు దగ్గర ఇంకేమీ ఉండదు.

అంతకన్నా లోతైన కారణం లీడ్ల (పాలసీ తీసుకునే అవకాశమున్నవారి వివరాల) పంపకంలో ఉంది. మేనేజరు అందరినీ ఒకేలా చూడడని, తన చుట్టూ ఒక లోపలి వర్గాన్ని పెంచుకుంటాడని పరిశోధకులు డాన్సెరో, గ్రేన్, హాగా 1975లో వివరించారు. బీమా శాఖలో అది ఇలా నడుస్తుంది: ఆఫీసుకు తానుగా వచ్చిన కస్టమరు, మెచ్యూరిటీ అందుకోబోయేవారి జాబితా ఆప్తులకు దక్కుతాయి. మిగతావారు సొంత ఫోన్‌బుక్ మీద పడాలి. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ యువకుడు ముందు మేనమామకు, తర్వాత బావకు, ఆ తర్వాత ఊళ్లో స్నేహితుడికి పాలసీ చేయిస్తాడు. చుట్టాలు అయిపోగానే టార్గెట్ తప్పుతుంది, రివ్యూలో అందరి ముందూ మాటలు పడతాయి, రాజీనామా వస్తుంది. అతని మొహం చూసి పాలసీ తీసుకున్న బావ రెండో ఏడు ప్రీమియం కట్టడు. గడువు తర్వాత ఉండే గ్రేస్ కాలం నెలవారీ చెల్లింపుకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు. అదీ దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది. కంపెనీ లెక్కల్లో 13వ నెల పర్సిస్టెన్సీ (ఏడాది దాటాకా కొనసాగే పాలసీల శాతం) పడిపోతుంది. కుటుంబానికి మాత్రం రక్షణే పోతుంది. అమ్మినవారు వెళ్లిపోయి అడిగే దిక్కులేని ఇలాంటి వాటిని ఆర్ఫన్ పాలసీలంటారు. బీమాలో అట్రిషన్‌ను కేవలం హెచ్‌ఆర్ సమస్యగా చూడటం అందుకే తప్పు.

ఏజెంట్ల సంగతి వేరు. వారు జీతగాళ్లు కారు, కమీషన్ మీద బతికేవారు. ఆజ్ఞాపించి పనిచేయించడం కుదరదు. ఏజెంటు కావడానికి రాసే ఐసీ-38 పరీక్ష గట్టెక్కిన కొత్త ఏజెంటును వెంటబెట్టుకుని మొదటి కొన్ని ఇళ్లకు తానే వెళ్లే ఎల్ఐసీ డెవలప్‌మెంట్ ఆఫీసరు చేసేదే అసలైన నాయకత్వం. "కాదు" అన్న మాటను ఎలా తట్టుకోవాలో ఏ క్లాసులోనూ అంత బాగా అబ్బదు. నిలదొక్కుకున్నాక రెన్యువల్ కమీషన్ ఏజెంటును పట్టి ఉంచుతుంది. 2023 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ ఎల్ఐసీ ఏజెంట్ల గ్రాట్యుటీ పరిమితిని రూ. 3 లక్షల నుంచి రూ. 5 లక్షలకు పెంచింది. ఒకసారి మానేసి తిరిగి నియమితులైనవారికీ రెన్యువల్ కమీషన్‌కు అర్హత కల్పించింది.