గని, బావి, ఇంటికప్పు: కుప్పం పీఠభూమిలో విద్యుత్ అందుబాటు చరిత్ర

విద్యుత్ అందుబాటును లెక్కించే విధాన పత్రాలు సాధారణంగా ఇంటి దీపంతో మొదలుపెడతాయి. పాత చిత్తూరు జిల్లా పడమటి తాలూకాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం విషయంలో ఆ మొదలు సరిపోదు. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ రాతినేలలో జీవనది లేదు. ఇక్కడి విద్యుత్ చరిత్ర ప్రధానంగా నీటిని పైకి తోడిన చరిత్ర అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అయితే కరెంటు ఈ దిక్కుకు మొదట వచ్చింది నీటి కోసం కాదు, బంగారం కోసం. 1902లో మైసూరు సంస్థానం కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి కోలారు బంగారు గనులకు విద్యుత్తు అందించింది. ఆ గనులు కుప్పం సరిహద్దుకు కొద్ది దూరంలోనే ఉన్నాయి. చిత్తూరు ప్రాంతపు తెలుగు కూలీలు కూడా వాటిలో పనిచేశారు. గని లోపల యంత్రం విద్యుత్తుతో నడిచేది. ఆ కూలీ వదిలివచ్చిన ఊళ్లో మాత్రం ఎద్దులు కపిల తోలేవి. రాజ్యం, పెట్టుబడి తమకు కావలసిన చోటికి విద్యుత్తును ఎంత దూరమైనా మోసుకెళ్లగలవని ఈ ఉదంతం తెలుపుతుంది. కాబట్టి పల్లెకు కరెంటు ఆలస్యం కావడానికి దూరాన్ని కారణంగా చూపడం సమంజసం కాదు.

పల్లెకు తీగ చేరడంలో 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పాత్ర కీలకమైనది. అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల అనుభవాన్ని ఆదర్శంగా తీసుకొని ఆ సంస్థ దేశంలో కొన్ని ప్రయోగాత్మక సంఘాలను ప్రోత్సహించింది. 1970లో ఏర్పడిన సిరిసిల్ల సంఘం వాటిలో ఒకటి. కుప్పం గ్రామీణ విద్యుత్ సహకార సంఘం ఆ తర్వాతి తరానికి చెందినది. స్థానికంగా అందరూ ‘రెస్కో’ అనే అంటారు. ఈ సంఘం విద్యుత్తును ఉత్పత్తి చేయదు, పంపిణీ సంస్థ నుంచి టోకున కొని సభ్యులకు అమ్ముతుంది. వినియోగదారుడు ఇందులో వాటాదారు కూడా. ప్రభుత్వ జోక్యం వల్ల ఆ యాజమాన్యం ఎంతవరకు నిజమైందన్నది వేరే చర్చ. కానీ బిల్లు కట్టేవాడికి తీగ మీద హక్కు ఉండాలన్న భావన ఈ ప్రాంతంలో చట్టబద్ధ రూపం పొందిందన్నది విస్మరించరాని విషయం.

విద్యుత్తు వ్యాపించిన కొద్దీ బావుల స్వరూపం మారింది. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పంపుసెట్లకు అశ్వశక్తికి ఏడాదికి 50 రూపాయల చొప్పున వసూలు చేసే పద్ధతిని అమలుచేసింది. మీటరు లేని చోట ఎంత తోడినా బిల్లు ఒక్కటే. చెరువు కింద ఉమ్మడిగా పారిన నీరు బోరు కింద ఒక్కొక్కరి సొంతమైంది. నీటిమట్టం దిగిన కొద్దీ మోటారు శక్తి పెరగాలి, మోటారు పెరిగితే మట్టం మళ్లీ దిగుతుంది. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు, 2004లో ఉచిత విద్యుత్తు, ఈ మూడింటికీ మధ్య నలిగిన ప్రశ్న ఈ బోరుబావిదే. మదనపల్లె టమాటా మార్కెట్టుకు చేరే ప్రతి బుట్ట వెనుకా కొంత భూగర్భజలం, దానిని తోడిన కొంత విద్యుత్తు ఉన్నాయి.

ప్రస్తుత దశకు వస్తే, 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడిని లక్ష్యంగా ప్రకటించింది. 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇళ్లపై సౌర ఫలకాల పథకాన్ని ప్రారంభించారు. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం దీనికి ఆధారం. అందులో 3 కిలోవాట్లు, ఆపైన ఉన్న ఫలకాలకు గరిష్ఠ రాయితీ 78,000 రూపాయలు. రెస్కో వినియోగదారుణ్ణి వాటాదారుగా చేస్తే, ఈ పథకం అతణ్ణి ఉత్పత్తిదారుగా చేస్తున్నది. ఈ మార్పు స్వాగతించదగినదే. అయితే అర్హతకు సొంత ఇల్లు, ఫలకం మోయగల కప్పు కావాలి. అద్దె ఇంట్లో ఉండేవారు ఈ యాజమాన్యానికి వెలుపలే మిగులుతారు. పైగా ఇళ్లు తమ విద్యుత్తును తామే పండించుకుంటే టోకున కొని అమ్మే సంఘానికి రాబడి తగ్గుతుంది; తీగ, స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మాత్రం తగ్గదు. ఆ భారం ఎవరిపై పడుతుందో విధానకర్తలు ముందుగానే తేల్చాలి.

అంతకన్నా పెద్ద లోపం లెక్కలోనే ఉంది. హంద్రీ–నీవా పథకం కృష్ణా జలాలను మాల్యాల నుంచి వరుస ఎత్తిపోతలతో ఎక్కిస్తుంది. అవి పుంగనూరు బ్రాంచి కాలువలో మదనపల్లె ప్రాంతం మీదుగా సాగి, దాని నుంచి చీలిన మరో కాలువలో కుప్పానికి చేరతాయి. కపిల, బోరు చేసిన పనినే ఇది వందల కిలోమీటర్ల మేర చేస్తున్నది. ఆ పంపులకు పట్టే విద్యుత్తు కుప్పం ఇళ్ల సౌర లెక్కలో కనబడదు, ఎందుకంటే ఆ ఎత్తిపోతల కేంద్రాల్లో ఎక్కువ భాగం వేరే జిల్లాల్లో ఉన్నాయి.