పిట్ట కన్ను

చైనా సిరాచిత్రాల్లో ‘షియెయి’ అనే పద్ధతి ఉంది. ఈక ఈకా గీయరు, భావాన్ని రాస్తారు. షువాన్ కాగితం సిరాను వెంటనే పీల్చేస్తుంది, పడ్డ గీతను దిద్దే వీల్లేదు.

మింగ్ రాజవంశీకుడు జూ దా (1626–1705). 1644లో బీజింగ్ పోయి మంచూల పాలన వచ్చాక బౌద్ధ సన్యాసి అయ్యాడు. తర్వాత బాదా షాన్‌రెన్ పేరుతో గీసిన పిట్టలు ఒంటికాలి మీద నిలబడి, తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తాయి. ఆయన సంతకాన్ని నవ్వు అనీ చదవొచ్చు, ఏడుపు అనీ చదవొచ్చు.

ఈ కుంచెకూ మనకూ ఒక దారి ఉంది. 1924లో టాగోర్‌తో చైనా వెళ్లొచ్చిన నందలాల్ బోస్ దగ్గరే మన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నేర్చుకున్నారు.

నారాయణఖేడ్‌లో ఫోన్ తెర మీద ఆ పిట్టల్ని చూస్తుంటే నాకు ముందు కన్నే కనబడుతుంది. బయటికి అనలేని మాటంతా ఆయన అక్కడే పెట్టాడనుకుంటాను.